బల్ల మీద బొట్టు, బల్ల లోపల బుడగ

కొత్తగా క్వాలిటీ డిపార్ట్‌మెంటులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఒకటి చెప్పండి" అంటారు. విజయాలు చెప్పమంటే ఎవడైనా చెబుతాడు. వాటికి శాలువాలు కప్పుతారు, ఫోటోలు తీస్తారు. నాకూ ఒక శాలువా ఉంది. అది ఎలా వచ్చిందో చెబుతాను. విన్నాక మా ఇంట్లో టీ తాగాలో వద్దో మీరే తేల్చుకోండి.

జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు పక్కన, చెరకు ట్రాక్టర్లు వరుసగా ఆగేచోట, ఒక పెద్ద రేకుల షెడ్డు. గేర్లు కొలిచే పనిలో తల నెరిసిపోయాక నేను అక్కడ ఇన్‌స్పెక్టరుగా చేరాను. మేం చేసేది కార్బన్ ఫైబర్ బల్లలు. పెద్ద దవాఖానల్లో రోగిని పడుకోబెట్టి గుండ్రటి స్కానింగ్ మిషన్‌లోకి పంపిస్తారు కదా, ఆ బల్ల. నల్లటి కార్బన్ గుడ్డను పొరలు పొరలుగా పరిచి, జిగురు పట్టించి, మధ్యలో గాలినంతా పంపుతో లాగేసి ఓవెన్లో కాలుస్తారు. బల్ల ఒక చివరను మిషన్‌కు బోల్టులతో బిగిస్తారు. రెండో చివర గాలిలోనే ఉంటుంది. పడుకున్న మనిషి బరువంతా ఆ బిగించిన చివరే మొయ్యాలి.

పొరల మధ్య ఎక్కడైనా గాలి ఉండిపోతే పైకి తెలియదు. బల్ల అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. అందుకే వేడి కెమెరా. పెద్ద లైట్లు బల్ల మీదికి ఒక్కసారి ఫ్లాష్ కొడతాయి. పై పొర వేడెక్కుతుంది, ఆ వేడి మెల్లగా లోపలికి దిగుతుంది. గాలి బుడగ ఉన్నచోట దిగడానికి దారి లేక వేడి పైనే నిలిచిపోతుంది. కెమెరా దాన్ని తెర మీద తెల్లటి మచ్చగా చూపిస్తుంది. కోయకుండా, గుచ్చకుండా లోపలి సంగతి చెప్పే పద్ధతి ఇది. ఇంతకంటే మీకు అక్కర్లేదు. మా యజమానికి ఇంత కూడా తెలియదు.

యజమాని గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. మాట మెత్తన, మర్యాదకు లోటు లేదు, నన్ను "మాస్టారూ" అనేవాడు. బల్లలు కొనే హైదరాబాద్ కంపెనీ పట్టుబడితే తప్పనిసరై ఆ కెమెరా కొన్నాడు. కొన్నాక దానితో ఒక ఆట కనిపెట్టాడు. ఎవరైనా పెద్దమనిషి వస్తే గోడ మీద అరచెయ్యి ఆనించి తియ్యమనేవాడు. గోడ మీద మిగిలిన వేడి వల్ల తెర మీద అయిదు వేళ్ళూ అచ్చుపడి కనిపించేవి. బ్యాంకు మేనేజరు చెయ్యి, ఎమ్మార్వో చెయ్యి, బావమరిది చెయ్యి, బావమరిది పిల్లల చేతులు. ఆ కెమెరా బల్లల కంటే చేతులనే ఎక్కువ చూసింది.

ఇక బొట్టు సంగతి. మొదట్లో ఒక బల్ల లారీలో పోతూ పోతూ పగిలింది. కట్టింది సరిగ్గా లేక పగిలింది. యజమాని తాడు సంగతి వదిలేసి జాతకం చూపించుకున్నాడు. అప్పట్నుంచి అచ్చులోంచి బల్ల బయటికి రాగానే దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? బిగించే చివర. అక్కడ తర్వాత ప్లాస్టిక్ మూత వస్తుంది కాబట్టి కొన్నవాడికి కనిపించదు. దేవుడికి కనబడాలి, కస్టమరుకు కనబడకూడదు. భక్తిలో ఆయన లెక్కలు ఆయనకున్నాయి.

నేను ఆ బొట్టును కెమెరాలో మొదటిసారి చూసినప్పుడు గాలి బుడగే అనుకున్నాను. బిగించే చివర, రూపాయి బిళ్ళంత మచ్చ. పసుపు, కుంకుమ ఉన్నచోట వెలుతురు వేరేగా పడుతుంది కదా, అదే మచ్చగా కనబడింది. నాకు ఆ జ్ఞానం అప్పటికి లేదు. బంగారంలాంటి బల్లను అడ్డంగా కోయించాను. లోపల ఏమీ లేదు. షెడ్డంతా రెండు రోజులు నన్ను చూసి నవ్వింది. "అమ్మవారి బొట్టండీ మాస్టారూ, దాన్ని కూడా రిజెక్ట్ చేస్తారా?" అని యజమాని ఓవెన్ దగ్గర నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

తుడిచి పరీక్ష చేస్తానన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "బొట్టు తుడుస్తారా? మీ ఇంట్లో ఆడవాళ్ళున్నారు కదండీ" అన్నాడు మెల్లగా. ఆ వారమే మా ఆవిడను ఆపరేషనుకు చేర్పించాను. సైన్సు చదివినవాణ్ణి, కొలతకు అందనిది నమ్మనని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి. ఆ ఒక్క మాటకు నా చెయ్యి పడిపోయింది. పోనీ పరీక్ష అయ్యాక పెట్టండి బొట్టు అన్నాను. "పుట్టిన బిడ్డకి ముందు బొట్టా, ముందు ఎక్స్‌రేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను.

ఆ తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, రిపోర్టులో రాయడానికి ఒక మాట తయారుచేశాను. "ఉపరితల మరక, ఆమోదం." ఎంత చక్కటి మాట. బిగించే చివర మచ్చ కనబడితే చాలు, ఆ మాట రాసి సంతకం పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ చివర చూడటమే మానేశాను. బల్ల మొత్తం మీద ఏ చోటు అతి ముఖ్యమో, సరిగ్గా ఆ చోటే మేం చూడని చోటు అయింది. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకే ఫ్యాక్టరీలోనూ ఉండి ఉండదు.

కెమెరా నడిపింది కూడా నేను కాదు. నా కళ్ళు మసకబారాక ఆ పని ఒకామె చేసేది. న్యాల్‌కల్ వైపు పల్లె ఆమెది. భర్త చెరకు లోడుతో ట్రాక్టరు తిరగబడి పోయాడు. కాంట్రాక్టు మీద ఊడ్చే పనికి వచ్చింది. బల్లల మీద వేలిముద్రలు తుడుస్తూ, నా వెనక నిలబడి తెర చూస్తూ పని నేర్చుకుంది. కాగితాల మీద మాత్రం ఊడ్చే మనిషే. కెమెరా నడపాలంటే పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలని కస్టమరు షరతు. అది నాకుంది, కళ్ళు లేవు. ఆమెకు కళ్ళున్నాయి, సర్టిఫికెట్ లేదు. ఇద్దరం కలిస్తే ఒక ఇన్‌స్పెక్టరు.

ఆమె నోరు మాత్రం కారం. ఒకసారి నా సంతకం చూసి, "సార్, మీరు చూసి ఏస్తరా, ఏసి చూస్తరా?" అంది. ఆ ఏడాది ఆమెను పర్మనెంట్ చేస్తానని యజమాని మాటిచ్చాడు. పర్మనెంట్ అయితే ఇక ఎండలో అల్లం తవ్వే కూలికి పోనక్కర్లేదు. ఆమె ఆశంతా దాని మీదే. ఆ మాట నాకూ తెలుసు, అందరికీ తెలుసు.

ఇక ఆ రోజు. ఎనిమిది బల్లలు సిద్ధంగా ఉన్నాయి. కస్టమరు తరపు ఇన్‌స్పెక్టరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆయన కూడా చూసి సంతకం పెడితే లారీ ఎక్కించడమే. యజమాని ఆయనకు ఆఫీసులో వేడి వేడి మిర్చి బజ్జీలు పెట్టించి కూర్చోబెట్టాడు. ఈలోగా కెమెరా గదిలో మేం ఒక్కసారి అన్నీ తిప్పి చూసుకుంటున్నాం. అయిదో బల్ల దగ్గర ఆమె ఆగింది.

"సార్, గిది బొట్టు కాదు."

"ఎందుకు కాదు? బొట్టు జాగల్నే ఉంది గదా."

"జాగ అదే. వచ్చే తీరు వేరే ఉంది. బొట్టయితే లైటు కొట్టంగనే కనబడి జర సేపట్ల మాయమైతది. గిది మొదలు కనబడలే. మూడు సెకండ్లు ఆగి లేసింది. లేసి పోతలేదు. మళ్ల కొడ్త, చూడున్రి."

మళ్ళీ కొట్టింది. పై పైన ఉండే మరక ముందే కనబడుతుంది, లోపల ఉన్నది వేడి అక్కడిదాకా దిగాక కనబడుతుంది. ఈ ముక్క నా సర్టిఫికెట్ పుస్తకంలో మొదటి పాఠం. దాన్ని ఏ పుస్తకమూ చదవని మనిషి వందల బొట్లు చూసి తనంతట తాను పట్టుకుంది. మొదట బొట్టు కనిపించింది, కరిగింది. ఆ వెనకే దాని కంటే పెద్ద మచ్చ, అరచేతంత, నెమ్మదిగా తేలి అక్కడే కూర్చుంది.

నాకు తెలిసిపోయింది. తెలిశాక నేనన్న మాట ఇది: "కుంకుమ మందంగ పెట్టిన్రేమో. ఇయ్యాల కస్టమర్ వచ్చిండు, లొల్లి పెట్టకు. నీ పర్మనెంట్ ముచ్చట గూడ ఉంది."

ఆమె నా వైపు చూసింది. "దాని మీద పండేటోళ్లకు నా పర్మనెంట్ ముచ్చట తెల్వది గద సార్" అంది.

అప్పుడే యజమాని, కస్టమరు ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చారు. వెనకే అచ్చుల మేస్త్రీ. తెర మీద మచ్చ ఇంకా అలాగే ఉంది. కస్టమరు ఇన్‌స్పెక్టరు చిన్నవాడేగానీ పని తెలిసినవాడు. "ఇదేంటి?" అన్నాడు. "ఉపరితల మరకండీ" అన్నాడు యజమాని, నా మాటను నాకంటే బాగా పలుకుతూ. "అయితే తుడిచి చూపించండి" అన్నాడాయన.

గదిలో ఎవరూ కదల్లేదు. మేస్త్రీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నా చేతిలో మరకలు తుడిచే స్పిరిట్ గుడ్డ ఉంది. అది నా చేతిలోనే ఉంది. యజమాని దగ్గరికి జరిగి, "అమ్మవారి బొట్టు సార్. మా సెంటిమెంట్. తుడవకూడదు" అన్నాడు.

ఇప్పుడు చూడండి చిత్రం. ఆ ఇన్‌స్పెక్టరు తన వేలికున్న పగడం ఉంగరం ఒకసారి తిప్పుకున్నాడు. "అదా... అయితే ఉండనీయండి, వద్దులెండి" అని జేబులోంచి పెన్ను తీశాడు. నలుగురం మగవాళ్ళం, ఇద్దరం సర్టిఫికెట్లున్నవాళ్ళం, ఒక చిటికెడు కుంకుమ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. లోపల బుడగ ఉన్న బల్ల మీద ఎవరో ముక్కూ మొహం తెలియని రోగి పడుకుంటాడు, పడితే పడతాడు. మా ఇళ్ళు చల్లగా ఉండాలి.

"నేను తుడుస్త" అందామె.

యజమాని, "నువ్వాగమ్మా" అన్నాడు. ఆమె ఆగలేదు. నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది.

"మా ఆయన పోయినంక పదకొండో నాడు అందరు గూడి నా బొట్టు తుడిచిన్రు. ఒక్కల చెయ్యి గూడ వణకలే. మనిషికి తుడిస్తె కాంది బల్లకు తుడిస్తె ఏమైతది సార్?"

తుడిచింది. శుభ్రంగా, రెండుసార్లు, అంచుల దాకా. బల్ల చల్లారేదాకా ఆగి మళ్ళీ ఫ్లాష్ కొట్టింది. ఈసారి బొట్టు లేదు. ఒకటి, రెండు, మూడు. అరచేతంత మచ్చ లేచి నిలబడింది. కస్టమరు ఇన్‌స్పెక్టరు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. మిగిలిన ఏడూ తుడవమన్నాడు. ఆమే తుడిచింది, ఇంకెవరూ ముందుకు రాలేదు. ఇంకో బల్ల కూడా అదే చోట చెడ్డది తేలింది.

రెంటినీ కోయించాం. మొదటి దాంట్లో పొరల మధ్యకు నా స్టీలు స్కేలు తోస్తే దూరిపోయింది. కారణం కూడా దొరికింది. గాలి లాగే గొట్టం కీలు సరిగ్గా ఆ చివరే ఉంది, అది ఎన్నాళ్ళ నుంచో సుయ్యిమంటోంది. మేస్త్రీ దానికి పాత గుడ్డ పేలిక చుట్టి, ఆ పేలికకు కూడా ఒక బొట్టు పెట్టి పని నడిపిస్తున్నాడు.

కస్టమరు వెళ్ళిపోయాక యజమాని గొట్టం గురించి ఒక్క మాట అనలేదు. "ఆవిడ చేత తుడిపిస్తారా మాస్టారూ? అన్నిటికీ ఒక పద్ధతుంటుంది కదండీ" అన్నాడు. మర్నాడు పంతులు వచ్చాడు. శుద్ధి. పసుపు నీళ్ళు గదంతా చల్లాడు. అప్పుడే వెలిగిన ఫ్లాష్ లైటు మీద నీళ్ళు పడి టప్పున పగిలింది. అపశకునం అన్నారు. వేడి గాజు మీద చన్నీళ్ళు అని ఒక్కడూ అనలేదు. నేనూ అనలేదు.

ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. వాచ్‌మన్ చెప్పాడు, రేపట్నుంచి రావద్దని. ఆమె గొడవ పడలేదు. లోపలికి చూస్తూ కాసేపు నిలబడింది. కిటికీలోంచి నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. సాయంత్రం యజమాని ఒక కాగితం పెట్టాడు, ఆమె తనంతట తానే పని మానేసిందని. సాక్షి సంతకం నాది.

ఇక్కడితో ఆగితే నేను పిరికివాణ్ణి, అంతే. ఆగలేదు. కస్టమరు కంపెనీ ఈ లోపం ఎలా పట్టుకున్నారో రిపోర్టు రాయమంది. ఊడ్చే మనిషి కెమెరా నడిపిందని రాస్తే ఆర్డరే పోతుందని యజమాని వేడుకున్నాడు. వచ్చినాయన చూశాడుగా అన్నాను. "ఆయనకీ మనం రాసిందే మంచిదండీ, బొట్టు చూసి సంతకం పెట్టబోయాడని రాయలేం కదా" అన్నాడు. ఈ విషయంలో మాత్రం ఆయన తెలివి తక్కువవాడు కాదు. నేను రాశాను. కెమెరా నేను నడిపాను. మచ్చ ఆలస్యంగా లేవడం నేను గమనించాను. ఉపరితలం నేను శుభ్రం చేశాను. నేను, నేను, నేను. భాష చాలా బాగా కుదిరింది. ఆమె నోటి మాట "మూడు సెకండ్లు ఆగి లేసింది" అన్నదాన్ని కూడా మంచి ఇంగ్లీషులో పెట్టాను.

హైదరాబాద్‌లో సభ పెట్టి శాలువా కప్పారు. ఆ రిపోర్టును తమకు సరుకు చేసే కంపెనీలన్నిటికీ పంపారు. పరీక్షకు ముందు పసుపు, కుంకుమ, నూనె, ఏ మరకా ఉండరాదని రూలు వచ్చింది. యజమాని కూడా ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఈసారి చెప్పింది ఇంగ్లీషు కాగితం. కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున ఆమె మా ఇంటికొచ్చింది. చేతులు అల్లం మట్టితో పగిలి ఉన్నాయి. కూర్చోమంటే గడప దగ్గరే నిలబడింది. హైవే మీద కొత్తగా ఇంకో కార్బన్ కంపెనీ పెట్టారట. వేడి కెమెరాకు మనుషులు కావాలట. సర్టిఫికెట్ వాళ్ళే ఇప్పిస్తారట, పని చేసిన అనుభవం ఉంటే చాలు.

"కెమెరా ముంగట కూసోబెట్టున్రి, చేసి చూపిస్త అన్న. కాయితం తెమ్మన్రు సార్. గా బల్ల ముచ్చట చెప్పిన. నేనే పట్టిన, నేనే తుడిచిన అన్న. నవ్విన్రు. వాళ్ల తాన మీ రిపోర్ట్ ఉందంట. కొత్తగ వచ్చినోళ్లకు అదే చదివి చెప్తరంట. అండ్ల నా పేరు లేదన్నరు."

తల ఎత్తలేకపోయాను.

"మీరు ఒక్క కాయితం రాసియ్యున్రి సార్. ఉన్నది ఉన్నట్టు రాయున్రి. ఎక్కువేం వద్దు."

రాశాను. నా జీవితంలో అంత బాగా ఏ రిపోర్టూ రాయలేదు. ఆమె కెమెరా ఎన్నాళ్ళు నడిపిందో, ఆ రోజు ఏం చూసిందో, ఏమందో, ఎవరెవరు చేతులు కట్టుకుని నిలబడ్డారో, అన్నీ రాశాను. కింద సంతకం, ఫోన్ నంబరు. ఆమె మడిచి కొంగున కట్టుకుని న్యాల్‌కల్ బస్సెక్కింది. నాకు ఆ పూట కడుపు నిండినట్టయింది. ముసలితనంలో ఒక మంచి పని చేశాననుకున్నాను, చూడండి నా అహంకారం.

నాలుగో రోజు ఆ కొత్త కంపెనీ క్వాలిటీ ఆఫీసరు ఫోన్ చేశాడు. మీలాంటి కుర్రవాడే. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సార్, మీ రిపోర్ట్ మా దగ్గరుంది. ఆవిడ తెచ్చిన లెటర్ కూడా ఉంది. రెండిటి మీదా సంతకం మీదే, పోల్చి చూశాం. కానీ రెండూ ఒకదానికొకటి పొసగడం లేదు. ఏది నిజం సార్?"

"లెటరు నిజం. రిపోర్టు అబద్ధం" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది.

"సార్, ఏమీ అనుకోకండి. రిపోర్టులో అబద్ధం రాసినాయన ఇచ్చిన లెటరు చూసి మేం ఉద్యోగం ఎలా ఇస్తాం?" అన్నాడు.

పిల్లవాడు అడిగింది సబబే. నేనైనా అదే అడిగేవాణ్ణి. ఆమెకు ఆ ఉద్యోగం రాలేదు.